కొలతలిచ్చిన దర్జీ

లాండ్రీ దుకాణం వెనక గదిలో, ఆవిరి గొట్టాల పక్కన, కుట్టుమిషను ముందు కూర్చునే మాస్టారికి ఆ దేశపు భాషలో వచ్చిన మాటలు మహా అయితే నలభై. పొట్టి, పొడుగు, బిగుతు, వదులు, ఎల్లుండి. ఈ ఐదూ నోట్లో ఉంటే పరాయి దేశంలో పదకొండేళ్ళు నెట్టుకురావచ్చని ఆయన నిరూపించారు.

ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళ నడుములన్నీ ఆయన చేతుల మీదుగానే పెరిగాయి. ఎవరు ఏ ఏడు ఎన్ని అంగుళాలు ఒళ్ళు చేశారో ఇంట్లో ఇల్లాలికి తెలియకపోయినా మాస్టారికి తెలుసు. టేపు తియ్యగానే ప్రతివాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు. మాస్టారు తొందరపడరు. టేపు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడతారు. మనిషన్నవాడు ఎంతసేపని బిగబడతాడు? చివరికి ఆయనే జాలిపడి, "ఊపిరి వదలండి బాబూ. టేపుకి అబద్ధం చెప్పినా రేపు ప్యాంటు నిజం చెప్పేస్తుంది" అంటారు.

ఇంతమందిని కొలిచిన మనిషిని మాత్రం ఎవరూ కొలవలేదు. ఏటా ఓనరమ్మ ఒక పెద్ద కాగితం చేతికిచ్చేది. పనివాళ్ళకి ఏడాదికోసారి ఊరికే ఒళ్ళంతా పరీక్ష చేస్తారు, ఈ పదిహేడు ఆసుపత్రుల్లో ఒకదానికి టిక్కు పెట్టి ఇమ్మని. మాస్టారు దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చి, వెనక్కి తిప్పి, చొక్కా కాలరు నమూనా కత్తిరించుకునేవారు. మంచి దళసరి కాగితం.

ఈ ఏడూ అలాగే కత్తిరించేవారు. ఎడమ చూపుడువేలు పడనివ్వలేదు.

మందపాటి కోటు అంచు కుడుతుంటే మిషను సూది దారంతో సహా వేలి కొసలో దిగింది. దర్జీకి సూది గుచ్చుకోవడం ఉల్లిపాయలు తరిగేవాళ్ళకి కన్నీళ్ళు రావడం లాంటిది, లెక్కలోకి రాదు. చప్పరించి పని చూసుకున్నారు. వారం గడిచింది, మానలేదు. రెండు వారాలైంది. గోరంచున ఎర్రగా, చిన్న కన్నులా తెరుచుకునే ఉంది. సూది గుచ్చుకోకుండా కుడిచేతి వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఒకటుంటుంది కదా, దాన్ని తీసి ఎడమ చూపుడువేలికి తొడిగేశారు. కనిపించకపోతే లేనట్టే.

ఆ కనికట్టు పంతొమ్మిదో రోజు వరకూ సాగింది. భోజనాల దగ్గర ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు ఎత్తేసరికి ఇత్తడి స్టీలుకి తగిలి టింగుమంది.

పిల్లల బడి వంటగదిలో పనిచేసే భార్య తల తిప్పింది. "ఏవండీ, గ్లాసుకి గుండీలు కుడుతున్నారా?"

"అబ్బే, మర్చిపోయి తొడుక్కునే వచ్చేశాను."

"కుడిచేతి టోపీ ఎడమచేతికి ఎప్పుడెక్కింది? తియ్యండి చూద్దాం."

"అన్నం తింటున్నాను."

"తినే చెయ్యి అది కాదుగా. తియ్యండీ!"

తీశారు. ఆవిడ వేలిని దీపం కిందకి లాగి చూసింది. ఎన్ని రోజులైందని అడిగింది. పంతొమ్మిదని ఆయన చెప్పారు. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే.

మాస్టారి నాన్నగారూ దర్జీయే. కాలితో తొక్కే మిషను. కాలి బొటనవేలికి చిన్న పుండు లేస్తే, "ఈ ఆర్డరు కానీ, చూపిస్తా" అన్నారు. ఆ ఆర్డరు వెనక ఇంకో ఆర్డరు. ఒంట్లో షుగరుందని తెలిసేసరికి పాదం తీసెయ్యాల్సి వచ్చింది. మిషనుకి తొక్కే కాలు లేకపోయింది, ఆ తరవాత మనిషీ ఎన్నాళ్ళో లేడు. అప్పటికాయనకి యాభై మూడు. మాస్టారికి ఇంకో రెండు నెలల్లో అదే యాభై మూడు వస్తుంది.

"రేపే వెళ్దాం" అంది ఆవిడ. "గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు."

"వెళ్దామే. కాదన్నానా? కాని పదిహేడున్నాయి. చూసుకోవద్దూ? మన ఒంట్లో రక్తం పిల్లలాంటిది. ఊరూ పేరూ తెలియని ఇంటికి ఎలా పంపుతాం?"

అదిగో, అలా మొదలయ్యాయి పెళ్ళిచూపులు.

మొదటి సంబంధం తెచ్చింది బావమరిది. సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు, ఊరంతా వాడికి కొట్టినపిండి. సెలవురోజు అక్కాబావలని వ్యానులో కూర్చోబెట్టుకుని ఒక అద్దాల మేడ ముందు దింపాడు. లోపల నీళ్ళు చిమ్మే ఫౌంటెను.

"చూశావా బావా! ఆసుపత్రిలా ఉందా? విమానాశ్రయంలా లేదూ?"

"అదేరా నా భయం. ఎక్కినవాడు ఎక్కడ దిగుతాడో."

మాస్టారు హాలంతా కలయదిరిగారు. డాక్టర్ల పేర్లు చూడలేదు, యంత్రాలు చూడలేదు. గీతల పరదాలు వేలాడుతుంటే వాటి దగ్గర ఆగిపోయారు. అతుకు దగ్గర ఒక గుడ్డ గీత ఇంకో గుడ్డ గీతతో కలవలేదు. అర అంగుళం ఎడంగా పోయింది. పట్టుకుని చూసి నిట్టూర్చారు.

"పద పోదాం."

"ఏమైంది బావా?"

"ఎదురుగా కనిపించే రెండు గీతలు కలపలేనివాళ్ళు లోపలి నరాలేం కలుపుతారు?"

"పరదాలు డాక్టరు కుడతాడా బావా!"

"కుట్టకపోతే కుట్టకపోయె, రోజూ చూస్తాడుగా!"

రెండో సంబంధం తెలుగు డాక్టరుది. భాష కలుస్తుంది, ఇబ్బంది ఉండదని భార్య ఎంతో ఆశపెట్టుకుంది. మాస్టారు తలుపు తోసేసరికి లోపల బెంచీల మీద ముగ్గురు ఖాతాదార్లు కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూడగానే ముగ్గురూ అలవాటు కొద్దీ పొట్టలు లోపలికి లాక్కున్నారు.

"మాస్టారూ! మీకేమైందండీ?"

"నాకేమవుతుంది? ఇక్కడెవరికో ప్యాంటు ఇవ్వాలి" అనేశారు చేతులు ఊపుకుంటూ. చేతిలో ప్యాంటు లేదన్న సంగతి అందరికీ ఒకేసారి కనిపించింది. ఎలా బయటపడ్డారో ఆయనకే తెలియదు.

"వాళ్ళ నడుముల గుట్టు నా దగ్గరుంది" అన్నారు వ్యానులో చెమట తుడుచుకుంటూ. "నా నెత్తుటి గుట్టు వాళ్ళ చేతిలో పెడితే ఇంకేముంది?"

"సంబంధాలు చూస్తున్నారా, సాకులు చూస్తున్నారా?" అంది భార్య. టోపీ కింద వేలు సలుపుతోంది. ఆ వెతుకులాట ఎందుకో ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఏ ఆసుపత్రీ కుదరకపోతే ఏ మాటా వినక్కర్లేదు.

కాగితం ఇవ్వాల్సిన గడువు శుక్రవారం. గురువారం సాయంత్రం భార్య దుకాణానికే వచ్చి నిలబడింది. జాబితాలో చిట్టచివరిది, పదిహేడోది, రెండు బస్‌స్టాపుల దూరంలోనే ఉంది. చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే నాలుగు గదులు. ఫౌంటెను లేదు. పరదాలు తెల్లవి, గీతల గొడవే లేదు. తాడు కట్టిన కళ్ళజోడు మెడలో వేసుకుని ఒక పెద్దవయసు నర్సమ్మ ఎవరికో మెట్ల దాకా తోడొస్తోంది. ఆమె చెయ్యెత్తగానే మాస్టారు చూపు మోచేతి దగ్గర నిలిచిపోయింది.

కోటు మోచేతి దగ్గర చిరిగిన చోట రఫూ చేసి ఉంది. ఆ గుడ్డలోంచే పోగులు లాగి, నిలువూ అడ్డమూ నేసినట్టు, దగ్గరగా చూస్తే తప్ప తెలియకుండా. చిరిగిందని పారెయ్యలేదు. చిరుగు మీద అందమైన పట్టీ వేసి కప్పెట్టనూ లేదు. ఎవరో కూర్చుని, ఓపిగ్గా బాగుచేశారు.

"ఇక్కడే" అన్నారు.

"డాక్టరుని చూడనేలేదు కదండీ!"

"నువ్వు వంకాయని కోసి చూసి కొంటావా? తొడిమ చూసే కదా!"

సోమవారం పొద్దున్నే పరగడుపున వెళ్ళారు. రక్తం ఇచ్చారు. కుడిచెయ్యి చాపి ఇచ్చారు, ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. నెత్తురు చూసుకుంటే చాలదూ, వేలెందుకన్నది ఆయన లెక్క. తరవాత నర్సమ్మ టేపు తీసి నడుము చుట్టూ వేసింది. మాస్టారు, పదకొండేళ్ళుగా ఊరందరినీ చూసి నవ్వుకున్న మాస్టారు, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేశారు. నర్సమ్మ తొందరపడలేదు. టేపు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నెమ్మదిగా వదిలారు. ఆమె అంకె రాసుకుంది.

ఆ తరవాత ఒక గౌను చేతికిచ్చి, పరదా వెనక్కి వెళ్ళి వేసుకోమని సైగ చేసింది.

మాస్టారు గౌను విప్పి చూసి నొచ్చుకున్నారు. వెనకాల మెడ నుంచి కింద దాకా కుట్టు మొత్తం ఊడిపోయింది! పాపం, ఎవరో రెండు నాడాలతో సర్దారు. కొక్కేనికి వేలాడుతున్న మిగతా రెండు గౌన్లదీ అదే గతి. ఇంత శ్రద్ధగల చోట ఇదేం ఖర్మ? దారం ఎక్కించిన సూది ఆయన చొక్కా కాలరు కింద ఎప్పుడూ ఉంటుంది. బనీనుతో ముక్కాలిపీట మీద కూర్చుని, వెనకవైపు గట్టిగా, దగ్గర కుట్టుతో మూసెయ్యడం మొదలెట్టారు. తనది అయ్యాక మనసూరుకోక మిగతా రెండూ అందుకున్నారు.

పరదా అవతల నుంచి నర్సమ్మ కేకేసింది, ఎప్పటికవుతుందని.

"ఎల్లుండి" అన్నారు మాస్టారు, పని ధ్యాసలో.



చివరికి తలమీదుగా గౌను తొడుక్కుని, పెళ్ళికొడుకులా బయటికొచ్చి డాక్టరు ముందు కూర్చున్నారు. తెల్లగడ్డం డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి వినాలని వెనక్కి వెళ్ళాడు. చేత్తో తడిమాడు. ఎడమ పక్క చూశాడు, కుడి పక్క చూశాడు. నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. మెడ దగ్గర నుంచి కింద దాకా వేలితో కుట్టుని తడుముకుంటూ వెళ్ళి, అక్కడే ముక్కాలిపీట మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుకి బయట కూర్చున్న భార్య లోపలికి పరిగెత్తుకొచ్చింది. బడి వంటగది పుణ్యమా అని ఆవిడకి ఆ భాష బాగానే వచ్చు.

"రామరామ! వెనక తెరిచి ఉండటమే దాని కుట్టటండీ!"

"మరి మర్యాద?"

"ఒంట్లోకి చూడ్డానికొచ్చినచోట మర్యాదేమిటండీ!"

నర్సమ్మ కత్తెర తీసింది. "వద్దొద్దు, గుడ్డకి తగులుతుంది!" అని మాస్టారు గాభరాగా లేచి, గౌను విప్పుకుని, దుప్పటి కప్పుకుని, తన కుట్టు తానే విప్పడానికి కూర్చున్నారు. వెయ్యడం సులువు. అంత దగ్గర కుట్టు విప్పాలంటే గోరు కావాలి. ఇత్తడి టోపీ అడ్డొస్తోంది. ఆలోచించకుండానే తీసి పక్కన పెట్టారు.

రెండో గౌను విప్పుతూ పక్కనే కూర్చున్న నర్సమ్మ చెయ్యి ఆగింది. ఆయన వేలు పట్టుకుంది. మాస్టారు లాక్కోబోయారు, ఆమె వదల్లేదు. కసరలేదు, ఏమీ అడగలేదు. ఆ మోచేతి రఫూ ఆయన కళ్ళకి జానెడు దూరంలో ఉంది.

"ఇరవై తొమ్మిది రోజులైందని చెప్పు" అన్నారు భార్యతో, తల దించుకుని. "మా నాన్న సంగతి కూడా చెప్పు."

డాక్టరు దీపం దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి, మొద్దుబారడానికి మందు రాసి, చిన్న పట్టకారుతో ఏదో లాగాడు. తెల్లటి దూది మీద పెట్టి చూపించాడు. బియ్యపు గింజలో సగం కూడా లేని నల్లదారపు ముక్క.

"లోపల ఇది ఉండగా ఎలా మానుతుందంటున్నారు" అంది భార్య. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

మాస్టారు ఆ ముక్కకేసి చూస్తూ ఉండిపోయారు. "నలభయ్యో నంబరు దారం" అన్నారు మెల్లగా. "ఆ కోటుదే."

నాలుగు రోజుల తరవాత నెత్తుటి సంగతి తెలిసింది. డాక్టరు కాగితం మీద అడ్డంగా గీత గీసి, గీత కింద, దాదాపు ఆనుకుని, ఒక చుక్క పెట్టాడు. షుగరు లేదు, కాని రావడానికి దారిలో ఉందని భార్య విడమరిచి చెప్పింది. మందు అక్కర్లేదు. నడవాలి, నోరు కట్టుకోవాలి, మూడు నెలలకి మళ్ళీ రావాలి.

మాస్టారు ఆ చుక్కకీ గీతకీ మధ్య ఖాళీని బొటనవేలితో కొలిచారు.

"అర్థమైందని చెప్పవే. మనం చొక్కా కుట్టినప్పుడు పక్క కుట్టు లోపల కాస్త గుడ్డ వదిలిపెడతాం చూడు, తరవాత వదులు చేసుకోవడానికి. అది ఇంకా ఉందంటున్నారు." కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మా నాన్నకి కూడా ఉండే ఉంటుంది. విప్పి చూసినవాళ్ళే లేరు" అన్నారు.

వేలు వారంలో మానింది. ఇత్తడి టోపీ కుడిచేతికి తిరిగొచ్చింది. మాస్టారు రోజూ సాయంత్రం రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడుస్తారు. ఎదురొచ్చిన ఖాతాదార్లు పొట్టలు బిగపడితే, "నాతో రండి, నడుద్దాం" అంటారు. తన నెత్తుటి గుట్టు తనే నలుగురికీ చెప్పేసుకున్నారు. ఇద్దరు ముగ్గురు చెప్పుల దుకాణం పైకి కూడా వెళ్ళొచ్చారు. నాడాలు తెగిన గౌన్లు మూటగట్టి ఆ నర్సమ్మ లాండ్రీకి పంపితే, మూట మీద పిన్నుతో గుచ్చిన బొమ్మ ఒకటి వచ్చింది: గౌను వెనకవైపు, దాని మీద సూది, సూది మీద పెద్ద ఇంటూ గుర్తు. ఓనరమ్మ దాన్ని మిషను ఎదురుగా గోడకి అతికించింది.

యాభై మూడు వచ్చింది, పని రోజే వచ్చింది. మూడు నెలల పరీక్షకి వెళ్ళే ముందు ఆదివారం భార్య ఆయన టేపే తీసుకుని నడుము చుట్టూ వేసింది. మాస్టారు నిటారుగా నిలబడ్డారు. ఆవిడ టేపు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడింది.

"నేనేం బిగబట్టలేదే!"

"అయితే మాట్లాడుతుంటే గొంతు అలా వస్తోందేం?"

బావమరిది గుమ్మంలో విరగబడి నవ్వుతున్నాడు. మాస్టారు ఊపిరి వదిలారు. టేపు కొంచెం బిగిసింది, ఎక్కువేం కాదు. ఆవిడ అంకె చూసింది, మళ్ళీ చూసింది.

"ఒకటిన్నర అంగుళం తగ్గారు" అంది. "ఆ ప్యాంటు ఇలా తెండి, బిగుతు చెయ్యాలి."

"ఎల్లుండి" అన్నారు మాస్టారు.