ఆగకుండా పలికితే వచ్చి కూర్చోవాలి

పాడే మొక్కల్ని చేసింది మెకానిక్. బోర్డు మీద ఎక్కింది మాత్రం షాపు యజమాని పేరు.

వాయిద్యాల షాపు వెనకగదిలో పందొమ్మిదేళ్లు కీబోర్డులు బాగుచేశాడాయన. పాడైన కీబోర్డుల్లోంచి సామాను పీకి, ఒక వైరు కుండీ మట్టిలో గుచ్చి, ఇంకో వైరు ఆకుకి క్లిప్పుతో తగిలించాడు. ఆకు ముట్టుకుంటే స్పీకరు సన్నగా పలికేది. గట్టిగా పట్టుకుంటే స్వరం పైకెక్కేది. ఆరు కుండీలు, ఆరు గొంతులు. యజమాని వాటిని అద్దాల కిటికీలో పెట్టించి, కింద తన పేరు రాయించుకున్నాడు.

నోట్లో నాలుక లేని మనిషి ఆ ఒక్కరోజు తన పేరేదని అడిగాడు.

"నా జీతం తింటూ చేసిందేగా?" అన్నాడు యజమాని.

"తినడానికి జీతం ఎక్కడ మిగిలిందండీ? మీ షాపు టీ తాగుతూ చేశాను."

మర్నాటి నుంచి రావద్దన్నాడు.

ఇంట్లో భార్యకి అప్పటికే పక్షవాతం. మాట పడిపోయింది, కదలిక కుడిచేతి రెండు వేళ్లలోనే మిగిలింది. మంచం పక్కన మనీప్లాంట్ పెట్టి, దానికీ వైర్లు తగిలించి, ఒక ఆకు ఆ వేళ్ల కిందికి వంచాడు. ఒకసారి పలికితే మంచినీళ్లు. రెండుసార్లయితే పక్కకి తిప్పాలి. ఆగకుండా పలికితే ఊరికే వచ్చి కూర్చోవాలి. ఎక్కువగా మోగేది ఈ మూడోదే.

"ఇన్నేళ్లూ మా అక్క పిలిస్తే పలికావా బావా? ఇప్పుడు ఆకు కూస్తే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెడుతున్నావు," అనేది మరదలు.

"మీ అక్క కంటే ఇది మెత్తగా పిలుస్తుందే."

ఆ మాటకి మంచం దగ్గర మొక్క కీచుమనేది.

కొన్నాళ్లకి మోత సన్నబడింది. మట్టి తడిగా ఉంటే స్వరం గట్టిగా వస్తుందని ఆయనకి తెలుసు. గంటకోసారి నీళ్లు పోశాడు. వైర్ల సంగతి తెలిసినంతగా వేర్ల సంగతి తెలియదు. పది రోజుల్లో ఆకులు పండి రాలాయి. కాడ పట్టుకుని లాగితే కుళ్లిన వేర్లు చేతికంటుకున్నాయి.

ఆ సాయంత్రమే కొత్త మొక్క తెచ్చాడు. అదే క్లిప్పు, అదే ఎత్తు. తను ముట్టుకుంటే ఖంగుమంది. ఆమె వేళ్ల కింద ఉలకలేదు, పలకలేదు. అంటే అన్నాళ్లూ నీరసించింది మొక్కా, ఆమె వేళ్లా? ఎప్పటికీ తేల్చుకోలేకపోయాడు. మొక్కకి వైద్యం చేస్తూ కూర్చున్నానని మాత్రం అర్థమైంది.

అప్పటినుంచి ఆమె చెయ్యి పట్టుకుని ఆకు మీద ఆనించేవాడు. మొక్క పలికేది. ఆమె నొక్కిందో, తన చేతి బరువుకే మోగిందో తెలిసేది కాదు. చెయ్యి తీస్తే ఆగిపోయేది. అందుకని తీసేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం యజమాని వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. కిటికీలో మొక్కలు మూగబోయాయట.

"పాతవన్నీ మనసులో పెట్టుకోకు. ఒకసారి వచ్చి చూద్దువుగాని."

మంచం దగ్గర మొక్క ఆగకుండా పలుకుతోంది. మెకానిక్ ఆమె చెయ్యి వదలకుండానే తలతిప్పాడు.

"కొత్తవి కొనుక్కోండి. నేనూ కొన్నాను. బాగానే పలుకుతోంది."