మునగని మోకాళ్ళు

మా అమ్మ భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే చారు చల్లారిపోవాల్సిందే. మొదట అన్నం కోసం కృతజ్ఞతలు, తర్వాత వండిన చేతుల కోసం, అంటే తన కోసమే, ఆ తర్వాత చర్చి సంఘంలో మంచం పట్టిన వాళ్ళందరి కోసం, చివర్లో షోళింగనల్లూరులో ఉన్న నా ఆఫీసుకు పోయే క్యాబు బ్రేకుల కోసం. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి నేను ఒక కన్ను తెరిచి చూస్తే నాయన అప్పటికే అప్పడం నములుతూ ఉండేవాడు. చప్పుడు కాకుండా అప్పడం నమలడం సామాన్యమైన విద్య కాదు. నాయన దాన్ని కాపురం పొడుగునా సాధన చేశాడు.

అమ్మ ఆమేన్ చెప్పి, కళ్ళు తెరవకుండానే, "అప్పడం బాగుండాదా?" అని అడిగేది.

మాది మెరీనా ఉన్న పట్నం ఉత్తరపు కొసన, మనలి దగ్గర ఒక పేట. నెల్లూరు వైపు నుంచి కూలికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు కట్టుకున్న బాప్టిస్టు చర్చి మా వీధి చివర్లో ఉంది. దాని తాళంచెవి పాస్టరుగారి దగ్గర ఉండేది, పెత్తనం మాత్రం అమ్మది. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు వేసుకునే తెల్లబట్టలు ఉతికి, మడిచి, ట్రంకుపెట్టెలో దాచేదీ ఆమే. నీళ్ళలో దిగినప్పుడు ఆడపిల్లల అంగీలు గొడుగుల్లా పైకి తేలుతున్నాయని అంచుల్లో చిన్న చిన్న ఇసుక మూటలు పెట్టి కుట్టింది. అది తను కనిపెట్టిన ఉపాయమని చుట్టుపక్కల సంఘాలన్నిటికీ చెప్పుకుంది కూడా.

నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే మావాళ్ళకు చెల్లదు. బుద్ధి తెలిసిన మనిషి తన ఇష్టంతో తొట్టిలో దిగి పూర్తిగా మునగాలి. మా చర్చిలో ప్రసంగపీఠం కింద చెక్కలు ఎత్తితే ఆ తొట్టి ఉంటుంది. మునిగిన వాళ్ళకే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం. లేనివాళ్ళు వెనక బెంచీలో కూర్చుని చూడాలి.

ఇంత భక్తురాలికీ ఒకే ఒక్క దిగులు. నాయన మునగలేదు.

నాయన పెళ్ళితో పాటే చర్చికి వచ్చాడు. మైకు సెట్టు బిగించేవాడు, క్రిస్మస్ నక్షత్రం కట్టేవాడు, పాటలు అందరికంటే గట్టిగా, అందరికంటే ఒక మాట వెనకగా పాడేవాడు. బాప్తిస్మం మాట ఎత్తితే మాత్రం "వచ్చే ఈస్టరుకి చూస్తాంలే మే" అనేవాడు. చిన్నప్పుడు బావిలో పడితే ఎవరో జుట్టు పట్టి లాగారట. అప్పటినుంచి తలమీద నీళ్ళు పోసుకోవాలన్నా మగ్గుతో బేరమాడాల్సిందే. తను పనిచేసే ఫ్యాక్టరీలో ఎంత ఎత్తు పైపు మీదికైనా ఎక్కే మనిషి, మెరీనా బీచికి పోతే చెప్పులు తడవనిచ్చేవాడు కాదు.

రొట్టె పళ్ళెం వెనక బెంచీ దాకా వచ్చి నాయనను దాటి పోయేది. అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి మెడ తిప్పి చూసేది. ఇంటికొచ్చాక వంకాయలు కోస్తూ ఏడ్చేది. ఉల్లిపాయలైతే సాకు ఉంటుంది, వంకాయలకేం సాకు?

"నేను సచ్చిపోతే ఆడికి పోతా, సరే. ఈయన యాడికి పోతాడు? ఆడ నేనొక్కదాన్నే ఏం చేసేది పాపా? ఎవుర్ని తిట్టేది?"

నాకు నవ్వొచ్చేది. అమ్మకు అది నవ్వులాట కాదు. పరలోకం ఆమెకు టి. నగర్ అంత నిజమైన చోటు. అంత జనంలో పక్కన నాయన లేకుండా తిరగాలంటే ఆమెకు నిజంగా భయం.

చివరికి నాయనను ఒప్పించింది అమ్మ పిత్తాశయం. దాంట్లో రాళ్ళున్నాయని ఆపరేషన్‌కి లోపలికి తీసుకుపోతుంటే, నాయన స్ట్రెచరు పట్టుకుని పక్కనే పరుగెత్తుతూ, "మునగతా మే, మునగతా! నువ్వు ముందు బయటికి రా!" అన్నాడు. అమ్మ బయటికి వచ్చింది. మత్తు దిగి కళ్ళు తెరవగానే మొదటి మాట, "ఏ ఈస్టరు?"

ఆ ఈస్టరు రానే వచ్చింది. కానీ ఆ ఏడు ఎండలు ముందే ముదిరి, చెరువులు ఎండి, పట్నమంతా తణ్ణి లారీ, అంటే నీళ్ళ లారీ, వెనక బిందెలు పట్టుకుని పరుగెత్తుతోంది. చర్చి బోరులో గాలి తప్ప ఏమీ రావడం లేదు. రావాల్సిన లారీ శనివారం మధ్యాహ్నం దాకా రాలేదు, ఇక రాదని ఫోను వచ్చింది.

నాయన ముఖంలో విచారం తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాడు. మీసం కింద నవ్వు మాత్రం ఆగలేదు.

"దేవుని చిత్తం అట్లుండాది మే. మనమేం చేస్తాం?"

"దేవుని చిత్తం నేను చూసుకుంటా. నువ్వు కొడం పట్టు," అంది అమ్మ.

ఇంటిల్లిపాదీ కొడాలనే ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని వీధిలో పడ్డాం. అమ్మ ముందు, నాయన వెనక, వాళ్ళ వెనక నేను. ఆ కరువులో గుక్కెడు నీళ్ళడగాలంటేనే నోరు రాదు, అమ్మ తొట్టెడు అడిగింది. ఇడ్లీలమ్మే అత్త గడపలో నిలబడి, ఎందుకని అడిగింది.

"మా ఆయన్ని ముంచేదానికి."

"అన్నను ముంచేదానికా? ఇందా, రెండు కొడాలు తీసుకోక్కా! ఇన్నేళ్ళు అడగలేదేంది?"

మారియమ్మ కోవెల పూజారి గుడి మోటరు వేసి మరీ పట్టుకోమన్నాడు. "మనిషి మంచోడమ్మా, బాగా ముంచండి," అని దీవించాడు. తన గొయ్యి తానే తవ్వుకున్నాడంటారే, నాయన తన తొట్టి తానే నింపుకున్నాడు. భుజాన కొడంతో ప్రతి ఇంటి ముందూ ఆగి, అందరి హాస్యాలూ భరించి, చీకటి పడేలోగా నడుము దాకా నీళ్ళు పోశాడు. అమ్మ తొంగి చూసి, చాలునంది.

మర్నాడు పొద్దున చర్చి కిటకిటలాడింది. నీళ్ళిచ్చిన వాళ్ళంతా తమ నీళ్ళలో మునిగే మనిషిని చూద్దామని కిటికీల దగ్గర చేరారు. ఇడ్లీల అత్త స్టూలు కూడా తెచ్చుకుంది. అప్పుడు మాకు కొత్తగా వచ్చిన పాస్టరుగారు సన్నగా, మెత్తగా ఉండేవారు. నాయన తాటిచెట్టంత మనిషి. తొట్టి కట్టిన కాలంలో అంత పొడుగువాళ్ళు సంఘంలో లేరేమో, పొట్టిగా కట్టారు. మెట్లు దిగుతుంటేనే నాయన పెదాలు వణకడం నాకు కనిపించింది.

పాస్టరుగారు చెప్పాల్సిన మాటలు చెప్పి, నాయన ముక్కు మూసి, వెనక్కి వాల్చారు. తల మునిగింది. డోలకు మోగింది, సంఘమంతా పాట ఎత్తుకుంది. ఆ పాట మధ్యలోంచి అమ్మ గొంతు లేచింది.

"అయ్యగారూ! మోకాళ్ళు మునగలా!"

డోలకు ఆగిపోయింది. నాయన బుసలు కొడుతూ పైకి లేచి, కళ్ళు తుడుచుకుని, "అయిందా?" అన్నాడు.

"కాలా," అంది అమ్మ.

"అమ్మా, దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా," అన్నారు పాస్టరుగారు, తొట్టిలోంచే.

"హృదయం ఆయన చూసుకుంటాడయ్యగారూ. మోకాళ్ళు ఈడ మేమందరం చూస్తా ఉండాం గదా!"

సంఘపెద్ద ఒకాయన భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. స్టూలు మీదున్న అత్త కిందికి దిగి మరీ నవ్వింది. నాయన అమ్మ వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బావి ఉంది. అయినా తనే ముక్కు మూసుకుని వెనక్కి వాలాడు. నీళ్ళు ఎగిరి ముందు వరసంతా తడిపాయి. అమ్మ తొట్టి అంచుదాకా పోయి, మునివేళ్ళ మీద నిలబడి, వంగి చూసింది. ఎడమ పక్కకు ఇంకొంచెం వంగింది. తర్వాత కప్పు ఎగిరిపోయేలా "హల్లెలూయా!" అని అరిచింది.

ఆ రోజు రొట్టె పళ్ళెం నాయన దగ్గర ఆగింది. నాయన ఆ ముక్కను కూడా చప్పుడు కాకుండా నమిలాడు. మా ఇంట్లో వంకాయలు కోయలేదు, బిర్యానీ చేశాం.

ఆ తర్వాత అమ్మ ఎక్కడికి పోయినా, "మా ఆయన రెండు దఫాలు మునిగినోడు," అని గర్వంగా చెప్పుకునేది. అందరూ ఒక్కసారి మునిగితే నాయన రెండుసార్లన్నమాట.

పోయిన వానాకాలం అమ్మ జబ్బుతో మంచం మీద ఉంది. లేచే ఓపిక లేదు, మాటకు మాత్రం లోటు లేదు. ఆ రోజు వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. నాయన లుంగీ ఎగ్గట్టి, చెప్పులు చేత పట్టుకుని, మందుల షాపు నుంచి నీళ్ళలో ఈడ్చుకుంటూ వస్తున్నాడు. కిటికీలోంచి అది చూసి అమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఒక మాట చెప్తా పాపా, మీ నాయనకు చెప్పమాక. ఆ పొద్దు రెండోసారి కూడా సరిగ్గా మునగలా. ఎడంకాలి బొటనవేలు పైనే ఉండింది. నేను చూసినా."

"చూసే హల్లెలూయా అన్నావా?"

"మరేం చేసేది? బావిలో పడిన బిడ్డ మాదిరి వణికిపోతా ఉండాడు. మూడోసారి ముంచమనేదానికి నాకు నోరు రాలా."

రైల్లో టికెట్ కలెక్టరుకు కూడా నా వయసు ఒక్క ఏడు తగ్గించి చెప్పనివ్వని మనిషి మా అమ్మ!

"పరవాలేదులే," అంది. "ముందు పోయేది నేనే గదా. ఆయనొచ్చేలోగా ఆ బొటనవేలి సంగతి ఆడ మాట్లాడి పెడతా."

ఇద్దరం దగ్గు వచ్చేదాకా నవ్వాం. నాయన తడి కాళ్ళతో లోపలికి వచ్చి, ఏమిటి నవ్వులని అడిగాడు.

"ఏం లేదు. కాళ్ళు తుడుచుకో. వేళ్ళ సందుల్లో కూడా," అంది అమ్మ.

క్రిస్మస్ నక్షత్రం కట్టకముందే ఆమె వెళ్ళిపోయింది. సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయిపోయింది. అది అమ్మ ప్రార్థనలో సగం కూడా లేదు. నాయన నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఆడ ఒక్కతే ఏం చేస్తా ఉంటాదో పాపా..."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఏడుస్తున్నాననుకుని ఇడ్లీల అత్త వీపు నిమిరింది. ఏడుస్తూ కూడా ఉన్నాను. అమ్మ అక్కడ ఏం చేస్తోందో నాకొక్కదానికే తెలుసు.

"ఊరికే ఉండదులే నాయనా," అన్నాను. "నీ పని మీదనే తిరగతా ఉంటాది."