మా పంక్ బ్యాండుకు గొంతు మా మేనత్త

“అత్త పోయింది” అని పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం కూడా కూరగాయల బండివాడితో గట్టిగా గొడవపడిందట. రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయింది. అంత అరిచే మనిషి చప్పుడు చేయకుండా పోవడమేమిటని నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది.

రాయచూరు దగ్గర, కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడే బస్తీలో మా ఇల్లు. అత్త మాతోనే ఉండేది, వడియాలు పెట్టి బజారు దుకాణాలకు వేసేది. మిద్దె మీద ఏం ఆరబెట్టినా సాయంత్రానికి బూడిద పడేది. ఆరిన బట్టను రెండుసార్లు దులపకుండా మా వీధిలో ఎవరూ ఇంట్లోకి తేరు. అత్త దులిపితే వీధి చివరిదాకా వినబడేది, వెనకాలే తిట్లు కూడా.

ఆ రోజుల్లోనే నేను, తమ్ముడు, పక్కింటి దోస్తు కలిసి హార్డ్‌కోర్ పంక్ బ్యాండు పెట్టాం. పంక్ అంటే మరేం లేదు, వాయిద్యాలు పరుగులు తీస్తుంటే గొంతు చించుకుని అన్యాయాన్ని నిలదీయడం. నాది గిటారు, దోస్తుది బేస్, తమ్ముడిది డ్రమ్స్. గొంతే లేదు. నేను పాడబోతే అత్త పడీపడీ నవ్వింది. “నీది మేక గొంతురా!”

ఒకరోజు మిద్దె మీద సాధన చేస్తుంటే అత్త వచ్చి వడియాలు చూసుకుంది. “ఊరందరికి కరెంటు, మాకేమో బూడిదనా? ఎవనికి చెప్పుకోవాలె?” అని అందుకుంది. తమ్ముడు డ్రమ్స్ ఆపలేదు. ప్రతి తిట్టూ దరువు మీదే పడింది.

“అత్తా, ఇంకోసారి తిట్టవా?” అని బతిమాలాడు.

“తిట్లకు గూడ ఫర్మాయిషేందిరా!” అంటూనే మళ్ళీ తిట్టింది. అదే మా మొదటి పాట. బట్ట రెండుసార్లు దులపడమే దానికి ఎత్తుగడ.

ఆ తర్వాత మస్కి, ముదగల్, ఎక్కడ పిలిస్తే అక్కడికి బస్సులో డ్రమ్ములు వేసుకుని వెళ్ళాం. స్టేజీ ఎక్కేముందు అత్త చెప్పులు విడిచేది, మాచేతా విడిపించేది. పాటలు కట్టేటప్పుడు ఒకటే మాట చెప్పేది: “మనిషిని తిట్టకుర్రి, వాడు చేసిన పనిని తిట్టుర్రి. రేపు వాడే వడియాలు కొననీకి వస్తడు.” సింధనూరులో కాలువ చివరి పొలాలకు నీళ్ళు రావడం లేదని పాడితే ఒక రైతు స్టేజీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, ఆ నీళ్ళ పాట ఇంకోసారి పాడండి. మా లీడరుగారు ఇప్పుడే వచ్చారు!” అత్త ఇంకా గట్టిగా పాడింది.

తర్వాత తమ్ముడికి ప్లాంటులో కాంట్రాక్టు పని కుదిరింది. ఇంకా చేరలేదు, ఇంతలో ప్లాంటు కాలనీ ఉత్సవానికి మమ్మల్ని పిలిచారు. కమిటీలో ఉన్నది ఆ కాంట్రాక్టరే. బూడిద పాట పాడితే పనికి రావద్దని తమ్ముడితో తేల్చి చెప్పాడు. అసలు వెళ్ళొద్దన్నాను నేను. “పాడనని మాటిచ్చిన. నువ్వు నిమ్మళంగ ఉండు” అంది అత్త.

ఉత్సవంలో మిగతా పాటలన్నీ పాడి, ఆఖర్న అత్త మైకు పక్కన పెట్టి, సంచిలోంచి మిద్దె మీద ఆరిన తెల్ల దుప్పటి తీసింది. రెండుసార్లు దులిపింది. లైట్ల వెలుగులో బూడిద లేచింది. తమ్ముడి చేతులు ఆగలేదు. అత్త మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. “ఊరందరికి కరెంటు” అని కింద నుంచి ఆడవాళ్ళు అందుకున్నారు, ఇక కాలనీ కాలనీయే పాడింది.

కాంట్రాక్టరు ఉరిమి చూస్తూ వచ్చాడు. “నేను నోరు తెరిచిన్నా సాబ్? ఇంట్ల అడుగు, అక్కయ్య మంచిగ పాడింది” అంది అత్త. ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తమ్ముడి పని నిలిచింది, నేటికీ అదే చేస్తున్నాడు.

తర్వాత దోస్తు హుబ్బళ్ళికి వెళ్ళాడు, నేను వేరే ఊళ్ళో దుకాణంలో పనికి కుదిరాను, అత్తకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. బ్యాండు అలా ఆగిపోయింది.

అత్త పోయిన మూడోరోజు మిద్దె ఎక్కితే తీగ మీద ఆమె ఆరేసిన చీర అలాగే ఉంది. తమ్ముడు తీసి ఒకసారి దులిపి ఆగిపోయాడు. “ఇంకోసారి దులిపితే పాట ఎత్తుకోవాలె గదన్నా” అన్నాడు.

నేను వెళ్ళి చీర రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి గట్టిగా దులిపాం. నా మేక గొంతుతో నేనే ఎత్తుకున్నాను.