గూనిగట్టు కనుమ

మొన్న తిరుపతి బస్టాండు గోడమీద మా గూనిగట్టు బొమ్మ చూసి నిలబడిపోయాను. కింద 'కనుమ దారిలో సాహస నడక, టిక్కెట్టు తీసుకున్నవారికి మాత్రమే' అని రాసి ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆ దారిలో మా మేనత్త నెత్తిన చింతపండు బుట్ట పెట్టుకుని నడిచేది. దాన్ని సాహసమని ఎవరూ అనలేదు.

గూనిగట్టు శేషాచలం అడవిలో ఒక శిఖరం. మా ఊరి నుంచి చూస్తే ముసలమ్మ వంగి కూర్చున్నట్టుంటుంది, ఎర్రటి బండ, నిట్టనిలువు. అత్తను ఇచ్చిన ఊరు దానికి ఉత్తరాన. ఆ పక్క నుంచి గూనే కనబడదు, పచ్చటి వాలు, అంతే. అందుకే అత్తగారింట్లో వాళ్లతో, "మీకు కనబడేది కొండ వీపప్పా, మొగం మా ఊరి పక్క ఉండాది," అని ఏళ్ల తరబడి వాదించింది. శిఖరం మెడ దగ్గర కనుమ, అందులో ఒక ఊట. పొద్దున సంగటి తిని బయలుదేరితే ఆ ఊటలో కాళ్లు కడుక్కుని, మధ్యాహ్నానికి తన తల్లి, మా అవ్వ ముందు కూర్చునేది. బస్సులో అయితే కొండంతా చుట్టి తిరుపతి మీదుగా రావాలి. రోజంతా పట్టేది.

ఎనభైల్లో అడవిని కాపాడాలని కనుమకు ఆ పక్క కంచె వేసి గార్డును పెట్టారు. కాపాడండి, ఎవరు వద్దన్నారు? లారీల్లో ఎర్రచందనం దుంగలు పోతూనే ఉన్నాయి. ఆపింది మాత్రం అత్తను. అవ్వకు ప్రాణం మీదికి వచ్చిందని కబురు అందగానే పరుగున పోయిందట.

"పులులుండాయమ్మా, పోగూడదు," అన్నాడు గార్డు.

"ఇన్నేండ్లూ పోతా వస్తా ఉండాను. ఏ పులీ నన్ను నిలబెట్టలేదు. నువ్వొగనివే నిలబెడతా ఉండావు. ఆడ మాయమ్మ పోతా ఉండాదప్పా."

గార్డు వదల్లేదు. అత్త వెనక్కి తిరిగి బస్సులు పట్టుకుని వచ్చేసరికి మరునాటి పొద్దు. అవ్వ మంచం వాకిట్లో వేయించుకుని, కనుమ వైపే చూస్తూ ముందురోజు సాయంత్రమే పోయింది. శవాన్ని నాయన ఎత్తనివ్వలేదు కాబట్టి అత్తకు తల్లి మొగమన్నా దక్కింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారకూడదు కూడా.

బస్టాండు నుంచి నేరుగా అత్త దగ్గరికే పోయాను. ఇప్పుడు తిరుపతిలోనే కొడుకు దగ్గర ఉంటోంది. మోకాళ్లకు నూనె రుద్దుకుంటోంది.

"కనుమ తెరిచినారత్తా," అన్నాను.

"ఎవురికోసరం?"

"ఊరికే నడిచి చూసేవాళ్లకి."

నూనె గిన్నె పక్కకు జరిపింది. తర్వాత, "ఆ ఊట ఇంకా ఉండాదంటనా?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను.

కొండ ఉన్నచోటే ఉంది. దాటవలసిన కాళ్లు అరిగిపోయి, ఎదురుచూసిన కళ్లు మూతపడ్డాక దారి తెరవడానికి కాలానికి సిగ్గు లేకపోతే పోయింది, మనుషులకన్నా ఉండొద్దా?