ఏడో నంబరు కంప్యూటరు చూపించిన శనివారం

పింఛను తీసుకునేవాళ్ళం బతికే ఉన్నామని ఏటా ఒకసారి రుజువు చూపించుకోవాలి కదా, దానికోసం ఈమధ్య హిందూపురంలో మా వీధి చివర ఉన్న ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టి కళ్ళు ఆర్పమంది, ఆర్పాను, కాగితం చేతికి వచ్చింది. దానిమీద అచ్చయిన సమయాన్ని నా చేతి గడియారంతో సరిచూసుకుంటూ ఉంటే ఆ అమ్మాయి నవ్వి, "ఏమవ్వా, ఫోను టైము మీద గూడా అనుమానమేనా? అది తప్పు పోయేదే లేదు" అంది. సమయం సరిగానే ఉంది. అయినా ఇంకోసారి చూసుకున్నాను. ఈ అలవాటు నాకు ఎక్కడ అంటుకుందో ఆ పిల్లకు చెప్పినా అర్థం కాదు. సుద్దముక్కతో మొదలుపెట్టి చివరి రోజుల్లో కంప్యూటరు కూడా చెప్పవలసి వచ్చిన నా కాలపు టీచర్లకైతే చెప్పుకోవచ్చు.

నేను లెక్కల టీచరును. పెనుకొండలో కాపురం ఉండి, రొద్దం దారిలోని ఒక హైస్కూలుకు రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఆ బడికి ఒకనాడు పది కంప్యూటర్లు వచ్చాయి. చెప్పడానికి మనిషి మాత్రం రాలేదు. లెక్కలు వచ్చినవాళ్ళకు కంప్యూటరు దానంతట అదే వస్తుందని అప్పట్లో అందరికీ ఒక నమ్మకం ఉండేది కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. హిందూపురంలో మూడు రోజుల శిక్షణకు పంపారు. మొదటి రోజు ఉపన్యాసాలు, రెండో రోజు యంత్రాన్ని వెలిగించడం, ఆర్పడం, మూడో రోజు పొద్దంతా కరెంటు లేదు. ముప్పైఒక్క పేజీల నోట్సు రాసుకుని తిరిగి వచ్చాను.

పదింటిలో రెండు మొదటి నెలలోనే మూలపడ్డాయి. మిగిలిన ఎనిమిదింటికీ తెల్ల రంగుతో నంబర్లు వేశాను. ఆ కాలపు మౌసుకు కింద ఒక చిన్న రబ్బరు గుండు ఉండేది, పిల్లలు దాన్ని ఊడదీసి గోళీలాడుకుంటారని శిక్షణలో ఎవరో చెప్పారు. అందుకని నేను రోజూ సాయంత్రం ఎనిమిది గుండ్లూ తీసి, లెక్కపెట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పోసి బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. మేడమ్ గుండ్లు లెక్కపెట్టందే పొద్దు గుంకదని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఒక్క గుండు కూడా పోలేదు మరి. పిల్లలను అనుమానించాను, కరెంటును అనుమానించాను, నాకు అర్థం కాకుండా లోపల ఏదో చేసుకుంటూ ఉండే ఆ యంత్రాలను అందరికంటే ఎక్కువగా అనుమానించాను. అవి చూపించే తేదీలను మాత్రం అనుమానించలేదు. తేదీ, సమయం నిమిషంతో సహా రాసిపెట్టేది ఏదైనా నా జాతిదే అనిపించేది.

ఆ గదికి రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, రెండోది గది ఊడ్చే ఆయమ్మ దగ్గర. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. బడి కమిటీ పెట్టుకుంటే ఉంటుంది, వద్దంటే పోతుంది, ఆ ఇంట్లో సంపాదన అదొక్కటే. మాటకారి మనిషి. నేను బస్సు దిగగానే ఎదురొచ్చి నా సంచి అందుకుని, గది దాకా నడిచే ఆ కాస్త దూరంలోనే ఊళ్ళో సంగతులన్నీ చెప్పేసేది. ఆమె కూతురు తొమ్మిదో తరగతి.

ఆ సంవత్సరం హిందూపురంలో బడుల మధ్య కంప్యూటరు పోటీ పెడతామన్నారు. నేను ఎనిమిది మంది ఆడపిల్లలను ఎంచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క యంత్రం చొప్పున సోమవారం మొదటి పీరియడులో సాధన మొదలుపెట్టించాను. పన్నెండు నెలల వానలెక్క నేను చెబుతూ పోతే వాళ్ళు పట్టికలో ఎక్కించి మొత్తం కట్టాలి. ఏడో నంబరు దగ్గర కూర్చున్న ఆయమ్మ కూతురు అందరికంటే పది నిమిషాలు ముందే ముగించి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ పది నిమిషాలే నా మనసులో ముల్లులా దిగాయి.

మంగళవారం పొద్దున్నే పోయి వాళ్ళు చేసింది దిద్దడానికి ఒక్కొక్క యంత్రాన్నీ తెరుస్తున్నాను. ఏడు యంత్రాల్లో పట్టిక పేరు పక్కన, దాన్ని చేసి దాచిన రోజుగా, సోమవారం తేదీ ఉంది. ఏడో నంబరులో మాత్రం శనివారం సాయంత్రం నాలుగూ ఇరవై ఐదు అని ఉంది. శనివారం సరిగ్గా నాలుగింటికి నేనే మెయిను ఆపి, తాళం వేసి, నాలుగూ పదికి బస్సెక్కాను. నా నోటుపుస్తకంలో ఆ రెండూ రాసి ఉన్నాయి. పదిహేను నిమిషాల తర్వాత ఆ గది తెరవగలిగిన తాళంచెవి ఊళ్ళో ఒక్కటే. నా పాఠాల డైరీ బల్ల సొరుగులోనే ఉంటుంది. తల్లి గది తెరిచిందనీ, కూతురు డైరీ చూసి ముందే చేసి పెట్టుకుందనీ నాకు రెండురెళ్ళు నాలుగంత స్పష్టంగా కనిపించింది. ఎవరినీ అడగలేదు. కాగితం తీసుకుని, ఆయమ్మను తీసెయ్యాలని తేదీలతో సహా రాసి హెడ్మాస్టరు బల్లమీద పెట్టాను. ఆయన మెత్తని మనిషి. చదివి, "ఆమెను ఒక మాట అడిగినారా మేడమ్?" అన్నారు. తేదీ ఉన్నాక మాట ఎందుకండీ అన్నాను. సంగతి ఇదీ అని చెప్పి, శనివారం కమిటీ కూర్చునేదాకా పనికి రావద్దని ఆమెకు కబురు పోయింది.

బుధవారం సాయంత్రం బస్సు కోసం నిలుచుంటే ఆయమ్మ వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"టీచరమ్మా, మీరు సోమారం నోటితో చెప్పిన లెక్క నా బిడ్డ శనారమే యాడనుంచి తెచ్చి చేస్తాది?" అంది.

"నా డైరీలో ఉంది కదా, చూసి చేసింది" అన్నాను.

"అయితే ఆ డైరీలో ఉండేదీ, నా బిడ్డ చేసిందీ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాకు సదువు రాదు, మీకు వస్తాది కదా" అని వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

తెలివైన మాట, ఎవరో నేర్పి పంపారు అనుకున్నాను, అప్పుడు కూడా. కానీ బస్సు వదిలేసి మళ్ళీ గదికి పోయాను. డైరీలో పన్నెండు నెలల మొత్తం ఐదువందల పన్నెండు. ఆ పిల్ల పట్టికలో ఐదువందల మూడు. తప్పు కట్టిందని ఒక్క క్షణం సంతోషించాను కూడా, దాచడం ఎందుకు. తర్వాత నెలనెలా పోల్చి చూస్తే తేడా ఒక్క ఆగస్టులోనే ఉంది, తొమ్మిది తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది. ఆగస్టు అంకె డైరీలో తప్పు పడిందని సోమవారం చెబుతూ చెబుతూనే నాకు తోచి, నోటితో సరిచేసి చెప్పాను, డైరీలో దిద్దలేదు. అంటే ఆ అంకె సోమవారం దాకా నాకే తెలియదు. శనివారం ఎవరు చేసినా ఐదువందల పన్నెండే రావాలి.

అప్పుడు తెర కింది మూల చూశాను. నా మణికట్టు మీద బుధవారం సాయంత్రం ఐదు దాటింది. ఏడో నంబరుకు ఇంకా శనివారమే.

గురువారం ధర్మవరం నుంచి మెకానిక్కు వచ్చి పెట్టె విప్పి, చొక్కా గుండీ అంత బ్యాటరీని వేలితో పైకి లేపి చూపించాడు. ఇది దిగిపోయింది మేడమ్, మెయిను ఆపితే దీని గడియారం ఆడికాడికే నిలిచిపోతుంది, మళ్ళీ వేస్తే ఆడినుంచే నడుస్తుంది అన్నాడు. శనివారం నాలుగింటికి నా చేతులతో నేను ఆపిన గడియారం, సోమవారం ఆ పిల్ల ముందు మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఆ పిల్ల పది నిమిషాలు ముందు ఎందుకు ముగించిందంటే, ఆ పిల్ల చెయ్యి అంత చురుకు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

నా కాగితం నేనే వెనక్కి తీసుకున్నాను. ఆయమ్మ శుక్రవారం పనిలోకి వచ్చింది. వస్తూనే తాళంచెవి నా బల్లమీద పెట్టి, "ఇది మీకాడే ఉండనీ అమ్మా, మీరుండేటప్పుడే ఊడుస్తా" అంది. నాది పొరపాటని చెప్పాను. "సరేలే అమ్మా" అంది. కూతురిని మాత్రం బడి గంట కొట్టాక ఆ గదిలో ఒక్క నిమిషం ఉండనివ్వలేదు, పోటీకి పంపలేదు. నేను ఇంటికి పోయి అడిగినా లాభం లేకపోయింది. ఎనిమిది మందిని ఎంచి ఏడుగురిని హిందూపురం తీసుకుపోయాను. తర్వాత నేను ఆ బడిలో ఉన్న నాలుగేళ్ళూ ఆమె నా సంచి అందుకుంది, మర్యాదకు ఏ లోటూ రానివ్వలేదు, కానీ గది దాకా నడిచే ఆ దూరంలో ఊరి సంగతి ఒక్కటి కూడా మళ్ళీ చెప్పలేదు.

ఇప్పటి బడుల్లో గడియారాలన్నీ ఒకేలా నడుస్తాయట, గదికొక కెమెరా ఉంటుందట. ఆనాడు కెమెరా ఉండి ఉంటే ఆయమ్మ గది తెరవలేదని అరనిమిషంలో తేలిపోయేదని నాతో పనిచేసిన టీచరొకరు ఓదార్పుగా అన్నారు. తేలేదేమో. కానీ ఆ మంగళవారం పొద్దున నేను కాగితం రాస్తున్నప్పుడు ఆమె కిటికీ అవతల, నాకు పదడుగుల దూరంలో, వసారా కడుగుతూ ఉంది. పిలిచి ఒక్క మాట అడగడానికి అప్పుడైనా ఇప్పుడైనా ఏ యంత్రమూ అక్కరలేదు.