ట్రెవిన్ మోకాలు

కోర్టులో పది మంది ఆడుతుంటే పదకొండో మనిషి పేరు పెట్టి అరవడం ఎల్డన్ క్లైన్ గారి అలవాటు. ఆ పదకొండో మనిషి ఆటగాళ్లలో ఉండడు, బెంచీ మీదా ఉండడు, అచ్చువేసిన జట్టు లిస్టులో వెతికినా దొరకడు. అయినా సరే, బంతి మనవాళ్ల చేతికి రాగానే విద్యార్థుల వరసల్లోంచి డెబ్బై మూడేళ్ల గొంతు ఖంగుమనేది. "పట్టు ఒడాలిస్, వదలకు" అని ఒక శనివారం. "ఇంకొక్కటి వెయ్యి హోదన్, నీ చేతిలో పనే" అని ఇంకో శనివారం. అవి ఆడపిల్లల పేర్లని, ఆడుతున్నది మగపిల్లలని పట్టింపు కూడా ఆయనకి ఉండేది కాదు.

మనవాళ్లంటే బ్రాంట్‌ఫీల్డ్ స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు. దాని పేరు కొంగలు. ఎవరు పెట్టారో గాని బాగా పెట్టారు. అవతలి జట్టు బంతి వేస్తుంటే కదలకుండా నిలబడి చూడటంలో అయోవా రాష్ట్రం మొత్తం మీద వాళ్లని మించినవాళ్లు లేరు.

ఎల్డన్ గారు ముప్ఫై ఎనిమిదేళ్లు ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అరవై అయిదు దాటినవాళ్లకి యూనివర్సిటీలో చదువు ఉచితమని తెలిసి కుండలు చేసే క్లాసులో చేరారు. నాలుగు టర్ములుగా అదే క్లాసు. ఆయన చేసిన ప్రతి కుండా ఎడమవైపు ఒరుగుతుంది. చదువు ఉచితమే గాని ఫీజులు ఉచితం కావు, అందులో ఆటల ఫీజు టర్ముకి మూడు వందల పది డాలర్లు. మిగతా ముసలివాళ్లు అది మాకెందుకని ఆఫీసులో తగువు పెట్టుకుంటే, ఎల్డన్ గారు మాత్రం నవ్వుతూ కట్టి, విద్యార్థి కార్డు జేబులో వేసుకుని, మొక్కుకున్నట్టు ప్రతి ఆటకీ వచ్చేవారు. మొదటి వందమంది విద్యార్థులకి ఇచ్చే హాట్‌డాగ్ తీసుకునేవారు. తినేవారు కాదు. కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకునేవారు. దాంతో ఆయన పక్కన కూర్చున్న పిల్లలకి ఆట పొడుగునా ఆవాలపచ్చడి వాసన వస్తూనే ఉండేది.

ఇదంతా ఎవరికి సరదాగా ఉన్నా మార్లిస్ హాగెన్‌కి మాత్రం తల కొట్టేసినట్టుండేది. బ్రాంట్‌ఫీల్డ్‌లో ఆటలకయ్యే ఖర్చులో సగానికి పైగా పిల్లల ఫీజుల్లోంచే వస్తుంది. టికెట్ల మీద వచ్చేది, జట్టు గుర్తుగా ఒకడు వేసుకుని గెంతే కొంగ వేషం ఉతికించడానికి చాలదు. మిగిలింది దాతల దగ్గర రాబట్టాలి, ఆ రాబట్టే ఉద్యోగం మార్లిస్‌ది. కోర్టు పైన అద్దాల గదిలో దాతలకి మెత్తటి కుర్చీలు, వేడివేడి భోజనం ఉంటాయి. ఆవిడ అద్దానికి వీపు పెట్టి నిలబడి, వాళ్ల మనవల పేర్లు, ఆపరేషన్ల తేదీలు గుర్తుపెట్టుకుని పలకరిస్తుంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఒక్క ఆట కూడా నిండుగా చూడలేదు.

నవంబరులో ఒక ఆట రోజు, ఆరు కౌంటీల్లో ట్రాక్టర్ల షోరూములున్న డ్వేన్ హోస్టెట్లర్ గారు జట్టు లిస్టు మీద వేలు పెట్టి అడిగారు. "ఎవరమ్మా ఈ ట్రెవిన్? ఇందాకట్నుంచి ఒకటే అరుపు. లిస్టులో లేడే?"

కింద ఒక తిక్క పెద్దాయన ఉన్నాడండీ అంటే సరిపోయేది. కానీ రెండు మిలియన్ డాలర్లు ఇవ్వబోతున్న మనిషికి, మా విద్యార్థుల మధ్యలో అలాంటాయన కూర్చుంటాడని చెప్పడానికి మార్లిస్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గులో నోటికొచ్చింది అనేసింది.

"మోకాలికి దెబ్బండీ. ఈ ఏడాది ఆడట్లేదు."

హోస్టెట్లర్ గారి ముఖం మెత్తబడిపోయింది. ఆయన కూడా హైస్కూల్లో మోకాలి దెబ్బతో ఆట మానేసిన ఆటగాడే. మర్నాటికల్లా ట్రెవిన్ పేరున ఆఫీసుకి ఒక బుట్టెడు జున్నుగడ్డలు వచ్చాయి. వెనక్కి పంపే దారి లేక ఆఫీసంతా కూర్చుని తిన్నారు. మార్లిస్‌కి మాత్రం ముద్ద దిగలేదు, అంటే రెండో ముక్క తర్వాత దిగలేదు. ఆ పై వారం ఆయన తను వాడిన మోకాలి పట్టీ పంపారు. ప్రతి ఆటకీ మొదటి ప్రశ్న కొంగల గెలుపు గురించి కాదు, ట్రెవిన్ మోకాలు గురించే. "వాపు తగ్గింది" అని ఒకసారి, "మెట్లు ఎక్కుతున్నాడు" అని ఇంకోసారి చెప్తూ, మార్లిస్ లేని మోకాలికి రెండు నెలలు వైద్యం చేసింది. రాత్రిళ్లు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయేది.

జనవరిలో హోస్టెట్లర్ గారు ఫోన్ చేసి, శనివారం వచ్చి ఆటగాళ్లు బట్టలు మార్చుకునే కొత్త లాకర్ గదులకిచ్చే విరాళం కాగితాల మీద సంతకం పెడతానన్నారు. సంతకం చేసేముందు ఆ ట్రెవిన్‌తో చెయ్యి కలపాలన్నారు. ఆయన ఇవ్వకపోతే ఆ డబ్బు వచ్చే ఏడాది నుంచి పిల్లల ఫీజుకి నలభై డాలర్లు కలిపి రాబట్టాలని పైవాళ్లు ముందే తీర్మానం రాసి పెట్టుకున్నారు. మార్లిస్ ఆలోచించుకుంది. కుర్రాడు ఆపరేషన్‌కి పక్క రాష్ట్రం నెబ్రాస్కా వెళ్లాడని చెప్పొచ్చు. కానీ సరిగ్గా అప్పుడే కింద నుంచి ఎల్డన్ గారు "శభాష్ ట్రెవిన్, భలే దూకావు" అంటే?

శుక్రవారం ఆవిడ కార్డుల ఆఫీసుకి ఫోన్ చేసింది. కనీసం రెండు క్లాసులు చదివేవాళ్లకే విద్యార్థుల సీట్లని ఒక నిబంధన ఉంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ వాడలేదు. దుమ్ము దులిపి వాడించింది.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర స్తంభం చాటున నిలబడి చూసింది. ఎల్డన్ గారు కార్డు గీశారు. ఎర్రలైటు. కార్డుని చొక్కాకి తుడిచి మళ్లీ గీశారు. ఎర్రలైటు. వెనక క్యూలో పిల్లలు గొణగడం మొదలెట్టారు. గేటు దగ్గరి కుర్రాడు ఇబ్బందిగా, "వెళ్లనివ్వడానికి లేదు తాతగారూ" అన్నాడు.

"పోనీలే బాబూ. ఒక్క హాట్‌డాగ్ ఇప్పించగలవా? నాక్కాదు."

కార్డు లేనిదే హాట్‌డాగ్ కూడా లేదన్నాడు కుర్రాడు. ఎల్డన్ గారు తలూపి, క్యూలో వాళ్లకి దారి ఇచ్చి, మంచులోకి నడిచి వెళ్లిపోయారు. మార్లిస్ పైకి వెళ్లి, మొహాన నవ్వు తగిలించుకుని, హోస్టెట్లర్ గారికి నెబ్రాస్కా కథ సగం చెప్పింది.

మిగతా సగం చెప్పేలోపు, పళ్లేలు సర్దే విద్యార్థిని ఒకమ్మాయి పక్కకి వచ్చి మెల్లిగా అడిగింది. "మేడమ్, ఎల్డన్ గారికి ఒంట్లో బాగా లేదా? గొంతు వినబడ్డం లేదు. ఇవాళ మళ్లీ ట్రెవిన్ వంతు కదా, వాడు పొద్దున్నుంచి మురిసిపోతున్నాడు."

మార్లిస్ ఆ అమ్మాయి చొక్కాకున్న పేరుచీటీ చూసింది. ఒడాలిస్ అని ఉంది. మూడేళ్లుగా ఈ గదిలోనే పళ్లేలు అందిస్తున్న పిల్ల. దాతల మనవలందరి పేర్లూ కంఠతా వచ్చిన మార్లిస్ ఆ చీటీ ఏనాడూ చదవలేదు.

ఒడాలిస్ చెప్పిన సంగతి ఇంతే. కుండల క్లాసులో ఒకసారి తను ఊరికే అంది, ఆటల ఫీజు కట్టేదీ నేనే, ఆట జరుగుతుంటే ఇక్కడ పళ్లేలు పట్టుకునేదీ నేనే అని. ఎల్డన్ గారికి అది పట్టుకుంది. డబ్బు తీసుకుని సరుకు ఇవ్వకపోవడం కాటా దగ్గర ఆయన చూడని పని. అప్పట్నుంచి ఒక్కో ఆట ఒక్కొక్కరి తరఫున చూస్తున్నారు. పేరు పెట్టి అరిస్తే ఆ మనిషి వచ్చినట్టే లెక్కట. ఆట అయ్యాక వాళ్లు పని చేసేచోటికి వెళ్లి, హాట్‌డాగ్ చేతికిచ్చి, మొదటి బంతి నుంచి చివరి దాకా ఆడి చూపిస్తారు. హోదన్ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ట్రెవిన్ బయట దాతల కార్లు పార్కు చేస్తాడు.

"ఎవరి కార్లు?" అని మాత్రం అడగగలిగింది మార్లిస్.

"హోస్టెట్లర్ గారిది ఎప్పుడూ వాడే పెడతాడు మేడమ్."

ఆవిడ హోస్టెట్లర్ గారిని అక్కడే వదిలేసి, కోటు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. ఎల్డన్ గారు ఇంటికి వెళ్లలేదు. వెనక తలుపుకి చెవి ఆనించి నిలబడి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. లోపలి జనం పెద్ద కేక నాలుగు, మూలుగు తొమ్మిది, అని రాసి ఉంది.

"కార్డు ఆపించింది నేనేనండీ" అంది మార్లిస్.

"తెలుసమ్మాయ్. స్తంభం వెనక నీ ఎర్రచొక్కా కనబడిందిగా." ఆయన పుస్తకం మూశారు. "రూలు ఉందా, లేదా?"

"ఉంది."

"ఉంటే ఇంకేముంది. బరువు దాటిన లారీలని నేనూ వెనక్కి పంపినవాణ్ణే. కాకపోతే ట్రెవిన్‌కి ఏం చెప్పాలో తోచట్లా. మూలుగులు తొమ్మిదంటే వాడు నవ్వుతాడు."

ఆవిడ దాతల టికెట్ ఇస్తానంది. డబ్బు కట్టని సీట్లో కూర్చోనన్నారాయన. మార్లిస్, ట్రెవిన్ డబ్బు కట్టిన సీటు ఖాళీగానే ఉంది కదా అంది. ఎల్డన్ గారు ఆ మాటని కాటా మీద పెట్టి చూసినట్టు కాసేపు చూసి, అది న్యాయంగానే ఉందని ఒప్పుకున్నారు. తలుపు తీస్తూ మార్లిస్, ఎందుకో ఆపుకోలేక, తన పేరు చెప్పి, తనూ ఇక్కడే చదివానని, నాలుగేళ్లూ ఫీజు కట్టి, ఆటగాళ్ల తువ్వాళ్లు ఉతుకుతూ ఒక్క ఆటా చూడలేదని చెప్పింది. ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

పైకి వెళ్లేసరికి కింద నుంచి కేక వినబడుతోంది. "శభాష్ ట్రెవిన్, భలే దూకావు."

హోస్టెట్లర్ గారు కుర్చీలో ముందుకి వంగారు. "నెబ్రాస్కా అన్నావు?"

మార్లిస్ అంతా చెప్పేసింది. మోకాలు లేదని, అబద్ధం తనదేనని, ట్రెవిన్ కింద ఆయన కారు దగ్గరే ఉన్నాడని. చెప్తున్నంతసేపూ తలెత్తలేదు. ఆయన లేచి, టోపీ పెట్టుకుని, సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు. పార్కింగ్‌లో ట్రెవిన్ ఎదురుగా నిలబడి వాడి రెండు మోకాళ్లూ చాలాసేపు చూసి, చెయ్యి కలిపి, తాళాలు తీసుకున్నారట. ఆ పెద్దమనిషికి ఏమైందని ట్రెవిన్ తర్వాత అందర్నీ అడిగాడు.

ఆ వారమంతా మార్లిస్ టేబులు ఖాళీ చేసుకోవడానికి అట్టపెట్టె తెచ్చి పక్కన పెట్టుకుంది. కార్డు నిబంధన రద్దు చేయించడం ఒక్కటే ఆ వారం ఆవిడ చేసిన పని. పదో రోజున కవరు వచ్చింది. కాగితాల మీద సంతకాలు పూర్తిగా ఉన్నాయి. పైన చిన్న చీటీ, దాని మీద ఒకే ప్రశ్న, ఆ జున్ను ఎవరు తిన్నారని. అది చదివి ఆఫీసులో ఒక్కరు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాతి ఆటకి హోస్టెట్లర్ గారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. మార్లిస్ ఎప్పట్లాగే అద్దానికి వీపు పెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆయన భార్య తుంటి ఆపరేషన్ గురించి అడుగుతోంది. అప్పుడు కింద నుంచి ఆ గొంతు లేచింది.

"లాగించు మార్లిస్, ఇవాళ నీదే."

గదిలో దాతలంతా లిస్టులు తిరగేశారు. హోస్టెట్లర్ గారు మాత్రం లిస్టు ముట్టుకోలేదు.

"ఈ మార్లిస్ ఎవరమ్మా, కొత్త ఆటగాడా?"

"నేనేనండీ."

ఆయన ఆవిడ కాళ్లవైపు ఒకసారి చూశారు. "మోకాలు బానే ఉందా?"

మార్లిస్ సిగ్గుతో తల వంచుకుని, ఇప్పుడు బానే ఉందని చెప్పి, పదకొండేళ్లలో మొదటిసారి దాతలకి వీపు పెట్టి కోర్టువైపు తిరిగింది. కొంగలు పంతొమ్మిది పాయింట్లు వెనకబడి ఉన్నాయి. విద్యార్థుల వరసల్లో ఎల్డన్ గారు కోటు జేబు తట్టి, నీదే అన్నట్టు చూపించారు.