జాబితాలో లేని పుట్టగొడుగు

మా సైన్సు మాస్టారు పోయారు. ఆస్పత్రి ఎదుట ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ళావిడ ఫోన్ చేసి, "మీ మాస్టారు ఇక లేరమ్మా" అన్నారు. నేను "కాఫీ తాగారా అండీ?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ మాటో చూడండి.

భీమవరం దగ్గర మా హైస్కూలు వెనక, పంటకాలువకీ వరిచేనుకీ మధ్య ఓ గట్టుండేది. తొలకరి పడగానే మాస్టారు మమ్మల్ని మేకల్ని తోలినట్టు అక్కడికి తోలుకుపోయేవారు. గట్టు కింద బొరియలో నీటికుక్కలు, పైన చెదపుట్ట చుట్టూ పుట్టగొడుగులు. రెండింటికీ తేడా చెప్పమనేవారు. నీటికుక్క పిల్లలకు పాలిస్తుంది కాబట్టి క్షీరదం, అంతవరకు అందరం చెప్పేవాళ్ళం. పుట్టగొడుగు మాత్రం మా పుస్తకంలో మొక్కల పాఠంలో ఉండేది. ఆయన ఒప్పుకునేవారు కాదు.

"అది మొక్కా కాదు, జంతువూ కాదర్రా. దాని వంశమే వేరు. చుట్టరికం చూస్తే మొక్కలకంటే మనకే దగ్గర" అనేవారు. పబ్లిక్ పరీక్షలో అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఈనాటికీ నాకు ఆ జవాబే ఇష్టం.

కూరకు కోసుకోనిచ్చేవారు గానీ, బాగా విచ్చుకున్నవాటి మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. వచ్చే ఏటికి అవే విత్తనమట.

తర్వాత ఊరి చుట్టూ చేపల చెరువులొచ్చాయి. చేపలు తింటున్నాయని నీటికుక్కలకు ఉచ్చులు పెట్టారు. కాపాడాల్సిన జంతువుల జాబితాలో వాటి పేరుంది, చట్టం ఊరుకోదని మాస్టారు సైకిలు మీద చెరువు చెరువుకీ తిరిగి చెప్పారు. కొందరు నవ్వారు, కొందరు ఉచ్చులు తీశారు. పుట్టగొడుగు పేరు ఏ జాబితాలోనూ లేదు. గట్టు తవ్వొద్దని ఏటా ఆ చేను ఆసామి దగ్గరికి వెళ్ళి, "ఈ ఏటికి ఉంచండి బాబూ" అని బతిమాలేవారు. అంత మనిషి అలా చేతులు కట్టుకు నిలబడితే నాకు ఒళ్ళు మండేది.

మొన్న తొలకరికి ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. పుట్టగొడుగులు వచ్చాయేమో చూసి రమ్మన్నారు. వెళ్ళేసరికి చేపల చెరువు కోసం ప్రొక్లెయినర్ గట్టంతా తవ్వేసింది. అబద్ధం చెబుదామనే మంచం దాకా వచ్చాను. ఆయన మొహం చూశాక నోరు రాలేదు.

"గట్టు లేదండి" అన్నాను.

"నీటికుక్క పోతే, పోయిందని రాసుకోడానికైనా ఓ జాబితా ఉందమ్మా. పుట్టగొడుగుకి అదీ లేదు" అని గోడవైపు తిరిగిపోయారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

దహనం అయ్యాక స్కూలు వెనక్కి వెళ్ళాను. గట్టున్న చోట నిలబడి ఆయన కోసం ఏడుద్దామనుకున్నాను. చెరువుకు నీళ్ళు పెట్టేశారు. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఇంతలో వాన మొదలై, చెరువంతా చినుకులు పడ్డాయి.